ట్రాక్టర్ షెడ్డు పక్కనే కాలువ ఉంటే: వాన నీళ్ళలో ఆయిల్ కలవకుండా ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో ట్రాక్టర్లు, కోత మిషన్లు, ఏరేటర్లు (చెరువు నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు) బాగుచేసే షెడ్డు నడుపుతున్నారు. ముందు పంట కాలువ, వెనక మురుగు బోదె. పెద్ద వాన పడ్డప్పుడల్లా నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కడుతోందని ఊళ్ళో గొడవ. పంచాయతీ నోటీసు కూడా ఇచ్చింది. ఆయిల్ ట్రాప్ (నీళ్ళలోంచి ఆయిల్‌ని వేరుచేసి ఆపే తొట్టి) కట్టిస్తే సరిపోతుందా, ఎంత సైజు కట్టించాలి అన్నది మీ ప్రశ్న.

ట్రాప్ ఒక్కటే సరిపోదండి. దాని సంగతి చివర చెబుతాను. ముందు ఈ లెక్క చూడండి. మీ ఆవరణ 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. సెంటీమీటరు వాన పడితే దాని మీద 2,000 లీటర్ల నీళ్ళు పడినట్టు. తుపాను రోజున 10 సెంటీమీటర్లు పడితే 20,000 లీటర్లు. మీరు కట్టించే ట్రాప్ మహా అయితే వెయ్యి లీటర్లది. ఆ వరద దానిలోంచి దూసుకుపోతూ, అంతకుముందు నెల రోజులుగా అందులో పేరుకున్న ఆయిల్‌ని కూడా ఊడ్చుకుని బోదెలో పడేస్తుంది. అందుకే షెడ్డుల్లో ఇన్నేళ్ళు పనిచేసిన వాడిగా నేను చెప్పేది ఒకటే: ఆయిల్ పడేచోట వాన పడకూడదు, వాన పడేచోట ఆయిల్ పడకూడదు. చేతిలో ఉన్న డబ్బు ముందు రేకులకు, సీళ్ళకు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు), ట్రేలకు పెట్టండి. మిగిలితే ట్రాప్.

అసలు ఆ తెట్టు మీదేనా అన్నది కూడా చూసుకోండి. మన వరి చేల దగ్గర నిలవ నీళ్ళలో ఇనుము తినే సూక్ష్మజీవుల వల్ల కూడా అచ్చం ఆయిల్ లాగే మెరిసే పొర కడుతుంది. కింద తుప్పు రంగు మడ్డి ఉంటుంది. పుల్ల తీసుకుని ఆ పొరని కదపండి. పెంకుల్లా ముక్కలై, ముక్కలు విడివిడిగా నిలబడిపోతే అది ఆయిల్ కాదు. చెదిరి, సుడి తిరిగి మళ్ళీ కలిసిపోతే ఆయిలే. గుర్రపుడెక్క కాడలు పట్టుకుని చూసినా తెలుస్తుంది, ఆయిలైతే నీటి మట్టం దగ్గర నల్లటి జిడ్డు చారలాగా అంటుకుని ఉంటుంది, వేలికి రాస్తే వాసన వస్తుంది. షెడ్డుకి ఎగువన కూడా ఈ పరీక్ష చేయండి. పైనుంచే వస్తుంటే ఫొటోలు తీసి పెట్టుకోండి. అలాగని మీ షెడ్డులో లీకు లేదని నేను అనుకోవడం లేదు. లీకు లేని ట్రాక్టర్ షెడ్డు నేనెక్కడా చూడలేదు.

ఊళ్ళోవాళ్ళు ఎందుకింత పట్టుదలగా ఉన్నారో కూడా అర్థం చేసుకోవాలి. డెల్టాలో పంట కాలువలు మెరక మీద, మురుగు కాలువలు పల్లంలో వెళ్తాయి. మీ షెడ్డులో పడ్డ చుక్క ముందుకి పారితే పంట కాలువలోకి, వెనక్కి పారితే డ్రెయిన్లోకి. మూడో దారి లేదు. ఎండాకాలం కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేది ఆ పంట కాలువ నీళ్ళతోనే. పోనీ డ్రెయిన్లోకే పోనిద్దాం అంటే, దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, నీరు చాలక శివారు రైతులు డ్రెయిన్లకు అడ్డుకట్టలు వేసి ఇంజన్లతో తోడుకుంటారు. చేపల చెరువులకీ రొయ్యల చెరువులకీ నీళ్ళు చాలాచోట్ల అటునుంచే పెడతారు. చేపకి డీజిల్ వాసన పట్టిందంటే కొనేవాడు ముక్కు మూసుకుని వెళ్ళిపోతాడు. నీటి మీద ఆయిల్ పొర పరుచుకుంటే గాలిలోంచి ఆక్సిజన్ నీళ్ళలోకి దిగడం తగ్గుతుంది. ఏరేటర్లు తిప్పడానికి కరెంటు బిల్లు కట్టలేక సతమతమయ్యే రైతు దగ్గర మీరు ఆ మాట తేలిగ్గా తీసేయలేరు.

ఇంకోటి, మన దగ్గర అన్నిటికంటే మురికి వాన జూన్‌లో పడే మొదటి వాన. ఎండాకాలమంతా, ముఖ్యంగా దాళ్వా కోతలప్పుడు కోత మిషన్ల హడావుడిలో నేల మీద పేరుకున్నదంతా ఆ ఒక్క వానకే లేస్తుంది. సరిగ్గా అప్పుడే కాలువలకి నీళ్ళు వదులుతారు. అంటే మే నెలాఖరుకి మీ షెడ్డు నేల శుభ్రంగా ఉండాలి. నీళ్ళతో కడగడం కాదు, గీకి ఎత్తడం.

ఇప్పుడు లీకుల సంగతి. పది సెకన్లకో చుక్క రాలే సీలుని చాలామంది పట్టించుకోరు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు లెక్కన వేసుకున్నా రోజుకి 400 మిల్లీలీటర్లు దాటుతుంది. కస్టమర్ వచ్చే వరకు బండి పది రోజులు ఆరుబయట ఉందంటే నాలుగు లీటర్లు నేలపాలు. కాబట్టి షెడ్డుకి వచ్చిన ప్రతి బండి కింద రాత్రి పూట ఒక అట్టపెట్టె విప్పి పరిచి ఉంచండి. పొద్దున్న ఆ అట్టే అన్నీ చెబుతుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్. తేనె రంగులో చిక్కగా, ఘాటు వాసనతో ఉంటే గేర్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో జారుడుగా ఉంటే కూలెంట్, అంటే రేడియేటర్‌లో పోసేది. మరక అంచులు బాగా పరుచుకుని వాసన కొడితే డీజిల్. మరక ఎక్కడుందో దానికి పైన వెతకండి, కానీ నేరుగా పైనే ఉంటుందనుకోకండి. ఆయిల్ ఛాసిస్ వెంట పాకి ఇంకోచోట రాలుతుంది. ముందు గుడ్డతో తుడిచి, కాసేపు ఇంజన్ నడిపి, తడి మొదట ఎక్కడ కనిపిస్తుందో చూడాలి.

ఇంజన్ సీలు మార్చే ముందు బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) చూడండి. ఊక దుమ్ముతో, గడ్డి నుసితో బ్రీదర్ మూసుకుపోతే క్రాంక్ కేసులో ప్రెషర్ పెరిగి మంచి సీలు లోంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. కోత మిషన్లలో ఇది మరీ ఎక్కువ. బ్రీదర్ కడగకుండా సీలు మార్చి, నెల తిరక్కుండా మళ్ళీ కారుతోందని కంపెనీ సీలుని తిట్టేవాళ్ళు చాలామంది. డ్రెయిన్ ప్లగ్గు వాషర్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయండి. పాత వాషరే వేసి, కారకుండా ఉండాలని పానాకి పైపు తగిలించి బిగిస్తే సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నె) మర పోతుంది, తర్వాత ఆ లీకు జన్మలో ఆగదు. దమ్ము చేసిన ట్రాక్టర్లకి కేజ్ వీల్స్ (బురదలో తిరగడానికి వేసే ఇనప చక్రాలు) తీయగానే యాక్సిల్ సీళ్ళు చూడాలి. బురద సీలు పెదవిలోకి దిగి గీతలు పెడుతుంది. రోటావేటర్ గేర్ బాక్సు, చైన్ కవరు కూడా అంతే. అవి కారేది షెడ్డులో కాదు, నేరుగా చేలో. ఏరేటర్ గేర్ బాక్స్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు, అది కూర్చునేదే చెరువు మీద. చెరువు రైతుకి మీరు బాగుచేసి ఇచ్చేటప్పుడు దాన్ని ఒక రాత్రి అట్ట మీద ఉంచి, పొడిగా ఉంటేనే పంపండి.

హైడ్రాలిక్ పైపుల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ప్రెషర్ ఉండగా లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకండి. సూది మొనంత చిల్లు లోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న పోటులా కనిపిస్తుంది కానీ ఆలస్యం చేస్తే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి, మీ కుర్రాళ్ళకీ అదే నేర్పండి.

ఆయిల్ మార్చడం ఎప్పుడూ రేకుల కిందే, సిమెంటు నేల మీదే. ట్రాక్టర్ ఇంజన్లో ఏడెనిమిది లీటర్లు ఉంటుంది కాబట్టి ట్రే కనీసం పన్నెండు లీటర్లు పట్టేది ఉండాలి, లేకపోతే మోసేటప్పుడు ఒలుకుతుంది. ఇంజన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు తీస్తే అడుగున మడ్డితో సహా దిగుతుంది. తీసిన ఫిల్టర్ని చెత్తలోకి విసిరేస్తారు చూడండి, అందులో ఇంకా చాలా ఆయిల్ ఉంటుంది. వేడిగా ఉండగానే పైన బొడిపె దగ్గర మేకుతో చిల్లు పొడిచి, డబ్బా మీద బోర్లించి రాత్రంతా ఉంచండి. తర్వాత మిగిలిన రేకు స్క్రాపుకి వెళ్తుంది.

పొలం దగ్గర ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడు చాలామంది కాలువ గట్టు ఎంచుకుంటారు, నీడ ఉంటుంది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళుంటాయి అని. ఆ అలవాటు మాన్పించండి. మూత గట్టిగా పట్టే పాత డబ్బా, ట్రే, ఒక సంచి ఊక, ఇవి మొబైల్ సర్వీసు బండిలో ఎప్పుడూ ఉండాలి.

ఒలికినప్పుడు ఏం చేయాలో మీకు మన ప్రాంతంలో ఎవరూ చెప్పక్కర్లేదు, సరుకు చుట్టూ ఉంది. రైస్ మిల్లు ఊక, రంపపు పొట్టు, కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు. ఈ మూడింటిలో నా ఓటు కొబ్బరి పొట్టుకే, బాగా ఎండబెడితే ఆయిల్ ఇట్టే పీల్చుకుంటుంది. తడిగా ఉంటే మాత్రం పనికిరాదు, అది ముందే నీళ్ళు తాగేసి ఉంటుంది. మరక మీద చల్లి, చీపురుతో రెండు మూడుసార్లు అటూ ఇటూ నలిపి, ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయండి. ఆ తర్వాత కూడా నీళ్ళు కొట్టకండి. ఈ ఆయిల్ పట్టిన పొట్టుని షెడ్డు వెనక తగలబెట్టొద్దు, పాత ఆయిల్ తీసుకెళ్ళే వాళ్ళకే దీన్నీ అప్పగించే ఏర్పాటు చేసుకోండి.

సబ్బు పొడి, డిటర్జెంట్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఆయిల్ నీటి కన్నా తేలిక కాబట్టి పైకి తేలుతుంది. ట్రాప్ పనిచేసేది ఆ ఒక్క సూత్రం మీదే. మీరు సర్ఫు వేసి నేల కడిగితే ఆయిల్ సన్నటి బిందువులుగా విరిగిపోయి పాలలాగా నీళ్ళలో కలిసిపోతుంది, ఇక తేలదు. ట్రాప్ ఎంత పెద్దదైనా దాని కళ్ళ ముందే దాటిపోతుంది. పైకి తెట్టు కనిపించదు కాబట్టి శుభ్రమైపోయిందని మనం అనుకుంటాం, అంతే తేడా. పార్టులు కడగాలంటే ట్రేలో డీజిల్ పోసి బ్రష్షుతో కడిగి, ఆ డీజిల్‌ని మూత ఉన్న డబ్బాలో తేరనివ్వండి. పైది మళ్ళీ వాడుకోవచ్చు, అడుగు మడ్డి పాత ఆయిల్ డ్రమ్ములోకి.

దమ్ము బురదతో వచ్చిన ట్రాక్టర్ని రేవులోకి దింపి కడిగే పని ఇంకా నడుస్తూనే ఉంది. కస్టమర్లకి మీరే చెప్పాలి: బురద చేలోదే, చేలోనే పారతో గీకేసి, అక్కడే మామూలు నీళ్ళతో కడిగేయమనండి. గ్రీజు, ఆయిల్ ఉన్న భాగాలు మాత్రం షెడ్డులో.

ఇక నిలవ ఉంచడం. డీజిల్ డ్రమ్ము, పాత ఆయిల్ డ్రమ్ము నేల మీద ఊరికే పెట్టకండి. సిమెంటు అరుగు మీద, పైన రేకు, చుట్టూ చిన్న గోడ. 200 లీటర్ల డ్రమ్ము ఒకటుంటే లోపలి కొలత మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు చాలు. 225 లీటర్లు పడుతుంది, డ్రమ్ము మొత్తం కారినా బయటికి రాదు. ఆ ఎత్తు రెండు వరసల ఇటుక. గోడకి కన్నం మాత్రం పెట్టకండి. వాన జల్లు నిలిస్తే మగ్గుతో తోడండి. చాలామంది నీళ్ళు పోవడానికి కన్నం పెట్టి, గుడ్డ కుక్కి, తర్వాత ఆ గుడ్డ సంగతి మరిచిపోతారు. అరుగు ఎత్తు మీ ఊళ్ళో డ్రెయిన్ పొంగినప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దానికి పైన ఉండాలి, పెద్దవాళ్ళని అడిగితే గోడ మీద చూపిస్తారు. డ్రమ్ముని తాడుతో స్తంభానికి కట్టేయండి. నిండా ఆయిల్ ఉన్న డ్రమ్ము అయినా వరద నీళ్ళలో తేలిపోగలదు. రేకులు కూడా గట్టిగా బోల్టులు వేసి బిగించాలి, 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్ళకి రేకు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పాత బ్యాటరీల్లో సీసం, సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి, వాన తగలని చోట ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టి ఉంచి కొత్తది కొన్న డీలరుకే ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీ దాన్ని సేకరించే, రీసైకిల్ చేసే వాళ్ళకే చేరాలి. కూలెంట్ మాత్రం పాత ఆయిల్‌లో కలపొద్దు, విడి డబ్బాలో పెట్టాలి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి.

పాత ఆయిల్ ఎవరికివ్వాలి? చెదలకి కర్రకి పూస్తామని, సెంట్రింగ్ రేకులకి రాస్తామని, ఇటుక బట్టీలో కాల్చుకుంటామని అడిగేవాళ్ళు రోజూ వస్తారు. సెంట్రింగ్ రేకుకి రాసింది మొదటి వానకి కడుక్కుపోయి అదే బోదెలోకి చేరుతుంది కదా. పాత ఆయిల్‌లో ఇంజన్ అరుగుదల లోహాలు, కాలినప్పుడు పుట్టిన విషాలు ఉంటాయి, కొత్త ఆయిల్‌తో సమానం కాదు. ప్రభుత్వ లెక్కలో అది ప్రమాదకర వ్యర్థం. 2016 నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి, మామూలుగా 90 రోజులకి మించి నిలవ ఉంచకూడదు. మీ ఒక్కరి సరుకు కోసం వాళ్ళ బండి రాకపోవచ్చు. చుట్టుపక్కల నాలుగైదు షెడ్లవాళ్ళు ఒకే రోజు పెట్టుకుంటే వస్తుంది. వచ్చినవాడి దగ్గర పొల్యూషన్ బోర్డు అనుమతి కాగితం అడిగి చూసి, ఎన్ని లీటర్లు తీసుకెళ్ళాడో రసీదు రాయించుకోండి. దోమలు పెరగకుండా మున్సిపాలిటీ వాళ్ళే ఆయిల్‌లో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు (ఆయిల్ బాల్స్) మురుగులో వేస్తున్నారు కదా, మేం వేస్తే తప్పేంటి అని మీ కుర్రాడు అడుగుతాడు. అక్కడ వేసేదీ ఆయిలే, నాకూ అది నచ్చదు. కానీ వాళ్ళు వేస్తున్నారని మీ నోటీసు రద్దవదు.

ఇప్పుడు మీరు అడిగిన ట్రాప్. వాన నీళ్ళు అందులోకి అసలు రాకూడదు. రేకుల నీళ్ళకి గట్టర్ పెట్టి విడిగా బయటికి పంపేయండి. పని చేసే నేల చుట్టూ రెండంగుళాల కట్ట పోసి, బయటి నీళ్ళు లోపలికి, లోపలివి బయటికి పోకుండా చేయండి. బండి లోపలికి రావాల్సినచోట ఆ కట్టని ఏటవాలుగా పోస్తే చక్రం ఎక్కి దిగుతుంది. అప్పుడు ట్రాప్‌లోకి వచ్చేది కడిగిన నీళ్ళు మాత్రమే. మూడు గదులు కలిపి వెయ్యి లీటర్లు ఉంటే మీ పనికి చాలు. మొదటి గది బురదకి, రెండోది ఆయిల్ తేలడానికి, మూడోది తేరడానికి. ఒక గది నుంచి ఇంకో గదికి నీళ్ళు పైనుంచి పొర్లకూడదు. నాలుగంగుళాల పైపుకి టీ (T ఆకారపు అతుకు) పెట్టి, దాని కాలు గది లోతులో మూడొంతులకి దిగేలా వేయండి. అడుగు నీళ్ళే ముందుకి వెళ్తాయి, ఆయిల్ వెనక ఆగిపోతుంది. టీ పై మూతి తెరిచి ఉంచితే పుల్ల పెట్టి శుభ్రం చేసుకోవచ్చు. వారానికోసారి రేకు డబ్బాతో పైన ఆయిల్ తీసి డ్రమ్ములో పోయండి. చివరి గది నీళ్ళు కాలువకి వద్దు, బురద బళ్ళకి మొదటి కడుగుడుకి మళ్ళీ అవే వాడండి.

మేస్త్రి ఇంకుడు గుంత తీద్దామంటాడు. ఒప్పుకోకండి. మన దగ్గర వానాకాలం నీళ్ళు రెండు మూడడుగుల్లోనే తగులుతాయి, ఇంకడానికి చోటే లేదు. ఇంకిందల్లా పక్కవాడి నూతిలో తేలుతుంది. అందుకే ట్రాప్‌ని కూడా వీలైనంత భూమికి పైనే కట్టుకోవాలి, నేలని మెరక చేసి. లోతుగా తవ్వి సిమెంటు ఒరలు దింపితే అతుకుల్లోంచి ఊట నీరు లోపలికి వచ్చేస్తుంది, ఎంత తోడినా నిండుతూనే ఉంటుంది.

నోటీసుకి జవాబు ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా ఇవ్వండి. కాలువల్లో కాలుష్యం కలపడాన్ని 1974 నీటి కాలుష్య చట్టం నిషేధిస్తోంది కాబట్టి, మాటలతో సరిపెట్టుకునే విషయం కాదు. ఏం చేశారో, ఏది ఎప్పటిలోగా పూర్తి చేస్తారో రాసి, ఎగువన దిగువన తీసిన ఫొటోలు జతచేయండి. మీ షెడ్డు సైజుకి పొల్యూషన్ బోర్డు అనుమతి కావాలో లేదో జిల్లా ఆఫీసులోనే అడిగి తేల్చుకోండి. ట్రాప్ మొదలుపెట్టే ముందు నేల ఎటు వాలుగా ఉందో, కాలువ గట్టు, బోదె ఎంత దూరమో ఒక కాగితం మీద గీసి ఇక్కడ పెట్టండి, గదుల కొలతలు, పైపుల ఎత్తులు చూసి చెబుతాను.